వేదిక ఎక్కే దారి ఎక్కడుంది?

సంగీత కార్యక్రమాలు జరిపించే నిర్వాహకులకు, హాళ్ళు నడిపేవాళ్ళకు, సంగీత కళాశాలల్లో ఎవరికి సీటివ్వాలో తేల్చే పెద్దలకు,

నమస్కారం.

నేను ఫ్లూట్ వాయిస్తాను. మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నడవలేను, వీల్‌చైర్‌లో తిరుగుతాను. మీరు నన్ను పిలవడానికి ఫోన్ చేసినప్పుడు మాట్లాడేదంతా ఈ రెండో సంగతి గురించే, తీరా నేను వచ్చేసరికి ఆ రెండో సంగతికి కావాల్సిన ఏర్పాటు ఒక్కటీ ఉండదు. చాలా ఏళ్ళు సర్దుకుపోయాను. ఇప్పుడు కోపంగా ఉంది, దాచుకోను. అయినా మీతో తెగతెంపులు చేసుకుందామని రాయడం లేదు. మీరు పిలవకపోతే నేను గదిలో కూర్చుని ఒక్కదాన్నే వాయించుకోవాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొన్నామధ్య ఒక కొత్త హాల్లో వాయించడానికి వెళ్ళాను. గేటు దగ్గర ర్యాంపు ఉంది. లిఫ్ట్ ఉంది. టాయిలెట్ తలుపు వెడల్పుగా ఉంది, లోపల పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. ప్రేక్షకుల్లో వీల్‌చైర్‌తో వచ్చేవాళ్ళ కోసం ముందు వరసలో చోటు వదిలారు. చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ సంతోషంతోనే వేదిక దగ్గరికి వెళ్తే ఆరు మెట్లు. ఇటు ఆరు, అటు ఆరు, వెనక గ్రీన్‌రూమ్ నుంచి వచ్చే దారిలోనూ ఆరు. ఆ హాలు గీసినవాళ్ళకీ కట్టినవాళ్ళకీ డబ్బు పెట్టినవాళ్ళకీ నాలాంటి మనిషి పాట వినడానికి వస్తుందని తెలుసు. వాయించడానికి వస్తుందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

నేను ఈ ఉత్తరంలో చెప్పాలనుకున్నదంతా ఆ ఆరు మెట్ల దగ్గరే ఉంది.

ఆ రోజు నలుగురు కుర్రాళ్ళు వచ్చి నన్ను కుర్చీతో సహా ఎత్తారు. మంచి పిల్లలు, వాళ్ళ మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ ఒకరు చక్రం పట్టుకున్నారు, అది తిరిగిపోయింది, కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, పడిపోకుండా ఇంకొకరు నన్ను చంక కింద పట్టుకున్నారు, ఇదంతా నిండుగా ఉన్న హాల్లో అందరూ చూస్తుండగా. ముక్కూమొహం తెలియని మగవాళ్ళు అలా పట్టుకుని ఎత్తితే ఎలా ఉంటుందో ఆడవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. సరే, పైకి చేరాను. ఫ్లూట్ అంటే ఊపిరి. భయపడ్డ మనిషికి ఊపిరి పైపైనే ఆడుతుంది, కడుపులోకి దిగదు. మొదటి పది నిమిషాలు పొడవైన స్వరం ఒక్కటి కూడా చివరిదాకా నిలబెట్టలేకపోయాను. మధ్యలో తెగిపోతోంది, నాకు తెలుస్తోంది, పక్కన వాయిస్తున్న వాళ్ళకీ తెలుస్తోంది. ప్రేక్షకులు మాత్రం పెద్దగా చప్పట్లు కొట్టారు. నేను బాగా వాయించని చోట కూడా కొట్టారు. నన్ను ఎత్తుకుని తెచ్చినప్పుడు ఎలా కొట్టారో అచ్చం అలాగే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందుగా చెప్పలేదా అని అడుగుతారేమో. చెప్పాను. "ఏం పర్వాలేదండీ, మా వాళ్ళున్నారు, ఎత్తేస్తారు" అన్నారు. ఈ మాట నేను కనీసం ముప్పై సార్లు విని ఉంటాను. దయచేసి ఇకమీద ఎవరితోనూ అనకండి. మోటారుతో నడిచే వీల్‌చైర్లు చాలా బరువు, కొన్ని వంద కిలోలకి పైనే ఉంటాయి, మనిషితో కలిపి ఎత్తితే మీ వాళ్ళ నడుములు కూడా పోతాయి.

లెక్క చెబుతాను, కష్టమైనదేం కాదు. ర్యాంపుకి అందరూ ఒప్పుకునే కొలత ఒకటికి పన్నెండు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరు మెట్లంటే దాదాపు మూడడుగులు, అంటే ముప్పై ఆరడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి సమంగా ఉండే చోటు ఒకటి. అందుకే కార్యక్రమానికి అరగంట ముందు ఎక్కడినుంచో ఒక చెక్క పలక తెచ్చి మెట్ల మీద వేస్తే అది ర్యాంపు అవ్వదు, జారుడుబల్ల అవుతుంది. అంత చోటు లేదంటే నిలువుగా పైకి లేపే చిన్న ప్లాట్‌ఫారం లిఫ్టులున్నాయి, అద్దెకి కూడా దొరుకుతాయి. అదీ కుదరకపోతే ఇంకో దారి ఉంది, పైసా ఖర్చు లేనిది. ఆ రోజుకి వేదిక వాడకండి. అందరం కిందే, నేల మీదే, ప్రేక్షకుల ఎదురుగా కూర్చుని వాయిద్దాం. నా ఒక్కదాన్నీ కింద పెట్టి మిగతావాళ్ళని పైన కూర్చోబెట్టకండి, అలా కూడా ఒకసారి జరిగింది.

ఇప్పుడు పరిచయం సంగతి. నేను వాయించే ముందు మైకు పట్టుకున్నాయన నా కాళ్ళ గురించి ఏడు నిమిషాలు మాట్లాడారు. ఏ వయసులో ఏమైంది, అమ్మ ఎంత ఏడ్చింది, నేను ఎంత ధైర్యవంతురాలిని. నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్క ముక్క లేదు. ఆ రోజు ఏం వాయించబోతున్నానో కూడా చెప్పలేదు. పక్కన కూర్చున్న వాళ్ళ పరిచయంలో వాళ్ళ గురువుల పేర్లు, చేసిన కచేరీలు, రికార్డింగులు అన్నీ వచ్చాయి. నాకూ గురువుంది. ఆవిడ ఆ రోజు మూడో వరసలో కూర్చుని ఉంది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు మందం. ఆ పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేది ఆయన కమాను పట్టే తీరు, ఆ నాదం. కళ్ళ సంగతి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. హిందీ సినిమా సంగీత దర్శకుడు రవీంద్ర జైన్ పుట్టుకతో అంధుడు, ఆయన ట్యూను హమ్ చేసేవాళ్ళలో చాలామందికి ఆ విషయం తెలియదు కూడా. దాచమని నేను అనడం లేదు. నేను వీల్‌చైర్‌లో ఉన్నానని హాల్లో అందరికీ కనిపిస్తూనే ఉంది, దాన్ని మీరు మైకులో చెప్పాల్సిన పని లేదు అంటున్నాను, అంతే.

నా స్నేహితుడొకతను కీబోర్డ్ వాయిస్తాడు, అతనికి చూపు లేదు. అతనికి ఒళ్ళు మండే మాట ఒకటుంది. "కళ్ళు లేకపోతేనేం, దేవుడు చెవులిచ్చాడు, సంగీతం మీకు సహజంగానే వస్తుంది" అని. చిన్నప్పుడు రోజుకి నాలుగు గంటలు సాధన చేసినవాడికి ఆ మాట వింటే ఎలా ఉంటుంది? ఈ నమ్మకం చాలా పాతది. జపాన్‌లో చూపులేని సంగీతకారులకి ప్రత్యేకంగా ఒక సంఘమే ఉండేది, తోదోజా అని, అందులోంచి యాత్సుహాషి కెంగ్యో లాంటి గొప్ప కోటో (అక్కడి తంత్రీవాద్యం) వాద్యకారుడు 17వ శతాబ్దంలో వచ్చాడు, 1871లో ప్రభుత్వం ఆ సంఘాన్ని రద్దు చేసింది. అది వాళ్ళకి తిండీ గౌరవమూ పెట్టింది, కాదనను. కానీ చూపు లేదంటే సంగీతమో ఒళ్ళు పట్టే పనో చేసుకోవాలని ముందే రాసిపెట్టినట్టు ఉండేది వాళ్ళ బతుకు. ఈ రోజుకీ చూపులేని పిల్లవాడు కనిపిస్తే పాడమంటారు. కాళ్ళు లేని పిల్ల ఫ్లూట్ నేర్చుకుంటానంటే మాత్రం క్లాసు పై అంతస్తులో ఉంది కుదరదంటారు. రెండు చోట్లా ఆ పిల్లలకి ఏం కావాలో అడిగినవాళ్ళు లేరు.

ఆ స్నేహితుడి అసలు ఇబ్బంది చెవులూ కళ్ళూ కాదు, కాగితం. మీరు కచేరీకి రెండు రోజుల ముందు నొటేషన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. అతని ఫోన్‌లో ఉండే, రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అది వట్టి బొమ్మ, ఒక్క స్వరం కూడా చదవలేదు. బ్రెయిల్‌లో సంగీతం రాసే పద్ధతి ఇవాళ్టిది కాదు. లూయీ బ్రెయిల్ స్వయంగా చర్చిల్లో ఆర్గన్ వాయించినవాడు, 1829లో తన చుక్కల పద్ధతిని పుస్తకంగా వేసినప్పుడే అందులో అక్షరాలతో పాటు సంగీతం కూడా ఉంది. కానీ బ్రెయిల్ చదివేది వేళ్ళతో. వాయించేది కూడా ఆ వేళ్ళతోనే. అందుకని ఎడమ చేత్తో చదువుతూ కుడి చేత్తో వాయించి, మళ్ళీ కుడి చేత్తో చదువుతూ ఎడమ చేత్తో వాయించి, రెండూ కంఠతా పట్టి, అప్పుడు కలుపుకోవాలి. చూపున్నవాళ్ళు కాగితం ఎదురుగా పెట్టుకుని వాయిస్తుంటే అతను మొత్తం కార్యక్రమాన్ని మనసులో పెట్టుకుని వస్తాడు. దానికి రెండు రోజులు చాలవు, ఒక నెల ముందు పంపండి. కంప్యూటర్‌లో నొటేషన్ తయారుచేసుకున్నవాళ్ళయితే మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలు పంపండి, దాన్ని బ్రెయిల్‌లోకి మార్చుకునే సాఫ్ట్‌వేర్లున్నాయి. కాపీరైట్ అని భయపడేవాళ్ళకి ఒక మాట, 2013లో మరాకేష్ ఒప్పందం వచ్చింది, చదవలేనివాళ్ళ కోసం అందుబాటు ప్రతులు తయారు చేసుకోవడానికి అది దారి ఇచ్చింది, అందులో పుస్తకాలే కాకుండా నొటేషన్ కూడా ఉంది.

కళాశాలల పెద్దలారా, ఇప్పుడు మీతో.

థామస్ క్వాస్టాఫ్ అని జర్మనీ గాయకుడు. తల్లి గర్భంలో ఉండగా థాలిడోమైడ్ మందు వల్ల చేతులు సరిగా ఎదగలేదు. హానోవర్‌లో సంగీత విద్యాలయం ఆయనకి సీటివ్వలేదు. గొంతు బాగాలేక కాదు. పాట నేర్చుకునే విద్యార్థికి పియానో కూడా వచ్చి ఉండాలని అక్కడొక నియమం, ఈయన పియానో వాయించలేడు. బయట ప్రైవేటుగా నేర్చుకుని 1988లో మ్యూనిక్‌లో జరిగే ఏఆర్‌డీ అంతర్జాతీయ సంగీత పోటీలో గెలిచాడు, తర్వాత అలాంటి విద్యాలయాల్లోనే ప్రొఫెసర్ అయ్యాడు. ఇది వినగానే చాలామంది "చూశారా, పట్టుదల ఉంటే" అంటారు. నాకు మాత్రం ఆ నియమం దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ప్రైవేటుగా చెప్పించుకునే స్తోమత లేనివాళ్ళు, అదే నియమం దగ్గర వెనక్కి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరుంటారు? వాళ్ళ గొంతులు మనం ఎప్పుడూ వినలేదు.

ఎవలిన్ గ్లెనీకి పన్నెండేళ్ళకల్లా వినికిడి దాదాపు పోయింది. తాళవాద్యాలు నేర్చుకుంటానని లండన్ రాయల్ అకాడమీకి వెళ్తే ముందు కాదన్నారట. చెవులు వినపడని సంగీతకారిణి భవిష్యత్తు ఏమిటో తమకి తెలియదన్నారట. ఆమె ఊరుకోలేదు. మీరు నా వాయిద్యం విని కాదనండి, చెవుల్ని చూసి కాదనకండి అని పట్టుబట్టింది. చేర్చుకున్నారు. అప్పటినుంచి ఆ దేశంలో సంగీత సంస్థలు ప్రతి దరఖాస్తునీ, ప్రతి ఆడిషన్‌నీ విని తీరాలన్న మార్పు వచ్చిందని ఆమే ఒక ప్రసంగంలో చెప్పింది. ఆమె చెప్పులు లేకుండా వాయిస్తుంది, నేల మీదుగా వచ్చే కంపనాన్ని కాళ్ళతో, ఒంటితో పట్టుకుంటుంది. మీ కళాశాల ఫారం తీసి ఒకసారి చదవండి. అందులో ఏ నియమం సంగీతం గురించి ఉంది, ఏ నియమం శరీరం గురించి ఉంది, విడదీసి చూడండి.

"ఇలా వాయించకూడదు, పద్ధతి కాదు" అనే మాట కూడా అంతే. ఫెలిక్స్ క్లీజర్‌కి చేతులు లేవు, ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాద్యాన్ని స్టాండుకి బిగించి ఎడమ కాలి వేళ్ళతో మీటలు నొక్కుతాడు, మామూలుగా హార్న్ వెడల్పాటి నోటి లోపల కుడి చెయ్యి పెట్టి నాదాన్ని మలిచే పనిని పెదవులతోనే చేసుకుంటాడు. జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో నిప్పంటుకుని ఎడమ చేతి వేళ్ళు రెండు దెబ్బతిన్నాయి, మిగిలిన వేళ్ళతో గిటార్ మీద అతను కనిపెట్టిన నడకని అన్ని వేళ్ళూ ఉన్నవాళ్ళు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

పాల్ విట్‌గెన్‌స్టైన్ కథ ఇంకా దూరం పోతుంది. వియన్నా పియానిస్టు, 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. ఎడమ చేతికి మాత్రమే సంగీతం రాయమని పెద్ద పెద్ద స్వరకర్తలని అడిగాడు, వాళ్ళలో రావెల్ రాసిన కన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) 1932 జనవరిలో వియన్నాలో మొదటిసారి వినిపించింది. ఆయన బాగా డబ్బున్న ఇంటివాడు కాబట్టి రాయించుకోగలిగాడు, అది కూడా చెప్పాలి. మూడు దశాబ్దాల తర్వాత, 1964లో, అమెరికాలో లియాన్ ఫ్లైషర్ అనే పియానిస్టుకి ముప్పై ఆరేళ్ళ వయసులో కుడి చేతి వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోవడం మొదలైంది. ఫోకల్ డిస్టోనియా అంటారు, సంగీతకారుల్లో కొందరికి వచ్చే నరాల జబ్బు. ఆయన ఇక వాయించలేననుకున్నాడు. అప్పుడు ఆయన చేతికి అందినవి విట్‌గెన్‌స్టైన్ రాయించుకున్న ఎడమ చేతి రచనలే. వాటితోనే ఏళ్ళ తరబడి వేదిక మీద నిలబడ్డాడు, పాఠాలు చెప్పాడు, చివరికి చికిత్సతో కుడి చెయ్యి కొంత తిరిగొచ్చింది. ఒక చెయ్యి లేని మనిషి కోసం తయారైనది, రెండు చేతులతో పుట్టి పెరిగిన ఇంకో మనిషిని సంగీతంలో నిలబెట్టింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు ఏమీ వాయించలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీరు "మా దగ్గర వికలాంగులైన కళాకారులు ఎవరూ లేరు కదా, ఏర్పాట్లు ఎవరికోసం" అంటారు. ఉన్నారు. మీ కార్యక్రమంలో నిరుడు వాయించిన వయొలినిస్టు ఒకామె మెడ నొప్పితో తల తిప్పలేని స్థితిలో వాయించింది, నాకు చెప్పింది, మీకు చెప్పలేదు. ఒక చెవిలో హోరు ఆగని డ్రమ్మర్ తెలుసు నాకు. లైట్లు ఒక్కసారిగా ఆరి వెలిగితే ఆందోళనతో వణికిపోయే గాయకుడు తెలుసు, ఆటిజం ఉందని చెబితే మళ్ళీ పిలవరని టెన్షన్‌తో చెప్పడు. వీళ్ళంతా దాచుకుంటున్నారు, ఎందుకంటే నాకు జరిగింది వాళ్ళు చూస్తున్నారు.

చెప్పుకోగలిగిన చోట ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను. డెఫ్ లెపార్డ్ బ్యాండు డ్రమ్మర్ రిక్ ఆలెన్‌కి 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది, అతనికి ఇరవై ఒక్కేళ్ళు. బ్యాండు వేరే డ్రమ్మర్‌ని పెట్టుకోలేదు, ఆగింది. ఎడమ చెయ్యి చేసే పనిని ఎడమ కాలు పెడళ్ళతో చేసేలా ఎలక్ట్రానిక్ కిట్ తయారు చేయించుకుని, కొత్తగా నేర్చుకుని, 1986లో తిరిగి వేదిక మీదికొచ్చాడు. అతని పట్టుదల గురించి అందరూ రాశారు. ఆగిన ఆ నలుగురి గురించి కూడా రాయాలి.

డబ్బు గురించి రాయకుండా ఉండలేను. నాకు ఏడాదిలో వచ్చే పిలుపుల్లో సగానికి పైగా డిసెంబర్ 3 చుట్టూనే, అంతర్జాతీయ వికలాంగుల దినం కదా. ఆ పిలుపుల్లో ఎక్కువ భాగం పారితోషికం లేనివే. శాలువా, జ్ఞాపిక, ఫొటో. అడిగితే "మీకు ఒక అవకాశం ఇద్దామని" అంటారు. అదే వేదిక మీద ఆ రోజు సౌండ్ పెట్టినాయనకి డబ్బిచ్చారు, ఇవ్వాలి కూడా. నేను రావడానికి వీల్‌చైర్ పట్టే బండి కావాలి, తోడు ఒక మనిషి కావాలి, అంటే అందరికన్నా నా ఖర్చే ఎక్కువ. మిగతా కళాకారులకి ఎంతిస్తారో నాకూ అంత ఇవ్వండి, ప్రయాణం వేరే ఇవ్వండి. జూన్‌లో పిలవండి, మార్చిలో పిలవండి. పక్కన ఎవరికీ వైకల్యం లేని కార్యక్రమంలో పిలవండి.

ఐక్యరాజ్య సమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడిక చేసింది, దాని 30వ అధికరణంలో ఒక మాట ఉంది. మా కళని పెంచుకునే అవకాశం మాకివ్వడం మా కోసం మాత్రమే కాదట, సమాజం సంపన్నం కావడానికి కూడానట. ఎన్నో దేశాలు సంతకం పెట్టిన కాగితం అది. మీరు మాకేదో సాయం చేస్తున్నట్టు మాట్లాడినప్పుడల్లా నాకు ఆ రెండో సగం గుర్తొస్తుంది.

వచ్చే నెల కార్యక్రమానికి రమ్మని మీలో ఒకరి దగ్గర్నుంచి పోయిన వారం నాకు ఉత్తరం వచ్చింది. నాకు రావాలనే ఉంది. కొత్తగా ఒకటి సిద్ధం చేసుకున్నాను, మొదట్లోనే చాలా పొడవైన స్వరం ఒకటి ఉంటుంది, ఊపిరి నిండుగా ఉంటేనే నిలుస్తుంది. ఆ ఉత్తరానికి జవాబుగా రెండే ప్రశ్నలు పంపాను. మీ వేదిక ఎత్తు ఎంత? దాని మీదికి చక్రాలతో వచ్చే దారి ఎటునుంచి? ఇంకా జవాబు రాలేదు. ఎవరో ఒకరు టేపు తీసుకెళ్ళి కొలవండి. కొలిచి చెప్పండి, ఏం వాయించాలో ఎంతసేపు వాయించాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక ఫ్లూట్ కళాకారిణి